పైనుంచి కిందికి నడవండి: ప్రాగ్ నగరంపై పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

చెక్ రిపబ్లిక్ రాజధాని ప్రాగ్‌ను గైడు లేకుండా, టూరిస్టు బస్సు ఎక్కకుండా, కాలినడకన ఒక్కరోజులో చూసి రావచ్చని కొద్దికాలం కిందట ఈ శీర్షికలో ఒక వాక్యం రాశాను. ఆ వాక్యాన్ని పట్టుకుని గుంటూరు, విజయవాడల నుంచి వచ్చిన ఉత్తరాలలో ఆరింటికి ఈ సంచికలో జవాబులు ఇస్తున్నాను. వీసా గురించి అడిగినవారికి మాత్రం ఇక్కడే ఒక ముక్క చెబుతాను. చెక్ రిపబ్లిక్ షెంగెన్ దేశం, అంటే ఒకే వీసాతో తిరగనిచ్చే యూరప్ దేశాలలో ఒకటి కాబట్టి, మీరు ఏ షెంగెన్ దేశంలో ఎక్కువ రోజులు ఉండబోతున్నారో ఆ దేశానికే దరఖాస్తు చేసుకోవాలి. ప్రయాణ బీమా కనీసం 30,000 యూరోలకు ఉండాలి.

ప్రశ్న: మా అబ్బాయి జర్మనీలో ఉద్యోగం చేస్తున్నాడు. సెప్టెంబరులో మేమిద్దరం వాడి దగ్గరికి వెళుతున్నాము. నాకు 61 ఏళ్ళు, మావారికి 67. ప్రాగ్‌లో మాకు దొరికేది ఒక్క పగలు. అబ్బాయికి సెలవు లేదు కాబట్టి రైలెక్కి మేమే వెళ్ళాలి. చెక్ భాష రాదు, ఇంగ్లీషు అంతంత మాత్రం. కోట కొండ మీద ఉందంటున్నారు, మోకాళ్ళు భయపెడుతున్నాయి. మేమిద్దరమే తిరగగలమా? ఎక్కడ మొదలుపెట్టి ఎక్కడ ముగించాలి?
- విశ్రాంత ఉపాధ్యాయురాలు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: నిస్సందేహంగా తిరగగలరమ్మా. అయితే అందరూ నడిచే దిశలో నడవకండి. పూర్వం బొహీమియా (నేటి చెక్ దేశంలో పెద్ద భాగం) రాజులు పట్టాభిషేకానికి ఊరి తూర్పున ఉన్న పౌడర్ గేటు అనే బురుజు దగ్గర బయలుదేరి, పాత పట్నం మీదుగా వంతెన దాటి, కొండెక్కి కోటకు చేరేవారు. దానినే రాజమార్గం అంటారు, పుస్తకాలన్నీ ఆ వరుసలోనే నడిపిస్తాయి. రాజులు గుర్రాల మీద వెళ్ళారు, మనం కాళ్ళ మీద వెళుతున్నాము. అందుకని మీరు 22వ నంబరు ట్రాము ఎక్కి కోట వెనుక వైపున ఉన్న 'ప్రాజ్‌స్కీ హ్రాద్' స్టాపులో దిగి, అదే దారిని తిరగేసి కిందికి రండి. మొత్తం నడక మూడు, మూడున్నర కిలోమీటర్లకు మించదు. ట్రాము టికెట్టు ముందుగా కొనుక్కుని, ఎక్కగానే అక్కడి చిన్న యంత్రంలో దూర్చి ముద్ర వేయించుకోవడం మరవకండి. కొన్న టికెట్టు జేబులో ఉంది కదా అని నేను మొదటిసారి నిశ్చింతగా కూర్చుని, తనిఖీకి వచ్చినవారికి జరిమానా కట్టి దిగాను. తప్పు పూర్తిగా నాదే.

కోటను 9వ శతాబ్దం చివరలో కట్టడం మొదలుపెట్టారు. కోట అంటే కొండవీడు వంటి దుర్గాన్ని ఊహించుకోవద్దు. దాదాపు 570 మీటర్ల పొడవున రాజభవనాలు, గుళ్ళు, వీధులు, ఆవరణలు కలిసిన ఒక చిన్న ఊరు అది. నేటికీ దేశాధ్యక్షుడి కార్యాలయం అందులోనే ఉంది. ఆవరణలలో తిరగడానికి డబ్బు కట్టనక్కరలేదు, భవనాల లోపలికి వెళ్ళడానికి టికెట్టు కావాలి. ఉదయం తొమ్మిదికల్లా అక్కడ ఉంటే బస్సుల జనం రాకముందే సెయింట్ వీటస్ కేథడ్రల్ చూసుకోవచ్చు. ఆదివారం ఉదయం ప్రార్థనలు జరుగుతాయి, సందర్శకులను మధ్యాహ్నం దాకా రానివ్వరు. మీ పగలు ఆదివారం కాకుండా చూసుకోండి.

ఆ కేథడ్రల్‌ను 1344లో మొదలుపెట్టి 1929లో పూర్తి చేశారు. దాదాపు 585 ఏళ్ళు పట్టిన పని కాబట్టి పడమటి ముఖాన ఉన్న జంట శిఖరాలు చూడటానికి మధ్యయుగానివిలా ఉన్నా నిజానికి మన తాతల కాలానివి. అసలైన పాతదనం కావాలంటే దక్షిణం వైపుకు తిరిగి వెళ్ళండి. అక్కడి ద్వారం పైన గాజు ముక్కలతో పేర్చిన తుది తీర్పు చిత్రం 1370ల నాటిది. లోపల ఎడమ వైపు వరుసలో అల్ఫోన్స్ ముఖా గీసిన రంగుటద్దాల కిటికీ ఉంటుంది. ఉదయపు వెలుతురులో దాని ముందు పది నిమిషాలు కూర్చోండి, మోకాళ్ళకూ విశ్రాంతి.

దిగి రమ్మనడానికి మోకాళ్ళు ఒక్కటే కారణం కాదు. కిందికి నడిస్తే ఈ ఊరి చరిత్రలో అతి ముఖ్యమైన కథ దారి వెంట దొరుకుతుంది. కేథడ్రల్ పక్కనే పాత రాజభవనంలో ఒక గది ఉంది. 1618 మే 23న ప్రొటెస్టెంటు ప్రభువులు కేథలిక్ చక్రవర్తి ప్రతినిధులు ఇద్దరిని, వారి గుమాస్తాను కూడా, ఆ గది కిటికీలోంచి కిందికి తోసేశారు. అంత ఎత్తు నుంచి పడి ముగ్గురూ బతికారు. దేవదూతలు పట్టుకున్నారని ఒక పక్షం, పెంటకుప్ప మీద పడ్డారని మరొక పక్షం చెప్పుకున్నాయి. యూరప్‌ను 1648 దాకా కాల్చిన ముప్ఫై ఏళ్ళ యుద్ధం అక్కడ రాజుకుంది. 1620 నవంబరులో ఊరి శివార్లలోని తెల్లకొండ దగ్గర ప్రొటెస్టెంట్లు ఓడిపోయారు. మీరు కొండ దిగి వంతెన దాటగానే పాత పట్నం వైపు ఒక నల్లటి గోపురం వస్తుంది. తిరుగుబాటుదారులలో పన్నెండు మంది తలలను ఆ గోపురానికి పదేళ్ళు వేలాడదీశారు. ఇంకో పది నిమిషాలు నడిచి పాత పట్నం కూడలికి చేరితే, టౌన్‌హాలు గోడ పక్కన నేల మీద తెల్ల రాళ్ళతో పొదిగిన 27 శిలువలు కనిపిస్తాయి. 1621 జూన్ 21న తిరుగుబాటుదారులలో 27 మందిని చంపిన చోటు అదే. జనం తలెత్తి టౌన్‌హాలు గడియారం చూస్తూ ఆ శిలువల మీదే నిలబడి ఉంటారు. కిటికీ దగ్గర మొదలైన కథ మీ కాళ్ళ కింద ముగుస్తుంది. రాజమార్గంలో ఎక్కుతూ పోయేవారికి ఇది తలకిందులుగా ఎదురవుతుంది.

కోట ముందు కూడలిలోంచి బయటపడి నెరుదోవా వీధి గుండా దిగండి. తూర్పు వైపు పాత మెట్లు కూడా ఉన్నాయి కానీ మీకు వద్దు. దిగడం కూడా మోకాళ్ళకు బరువే కాబట్టి ఆగి ఆగి దిగండి. వీధి అడుగున మాలా స్ట్రానా కూడలిలో పచ్చటి గుమ్మటంతో సెయింట్ నికొలస్ చర్చి ఉంటుంది. మోట్సార్ట్ 1787లో ఇక్కడి ఆర్గన్ వాయించాడు. ఓపిక అయిపోతే ఇక్కడే 22వ నంబరు ట్రాము మళ్ళీ దొరుకుతుంది, ఎక్కి బసకు వెళ్ళిపోవచ్చు. ఓపిక ఉంటే మోస్టెట్స్‌కా వీధి, చార్లెస్ వంతెన, కార్లొవా వీధి, పాత పట్నం కూడలి, సెలెట్నా వీధి మీదుగా పౌడర్ గేటుకు రండి. 1475లో మొదలుపెట్టిన ఆ బురుజులో తర్వాతి కాలంలో తుపాకిమందు నిల్వ చేశారు, పేరు అలా వచ్చింది. దాని పక్కన ఉన్న మునిసిపల్ హౌస్‌లో 1918 అక్టోబరు 28న చెకొస్లొవేకియా స్వాతంత్ర్యాన్ని ప్రకటించారు. కింది అంతస్తులో కాఫీ హోటలు ఉంది. అక్కడ కూర్చుంటే మీ నడక పూర్తయినట్టే.

చెప్పుల మాట కూడా చెప్పాలి. ప్రాగ్ కాలిబాటలన్నీ అగ్గిపెట్టెంత రాతి ముక్కలను ఇసుకలో పొదిగి చేసినవి, రోడ్లు ఇంకాస్త పెద్ద రాళ్ళు. పలుచటి అట్ట ఉన్న చెప్పులతో వెళితే మధ్యాహ్నానికే అరికాళ్ళు భగ్గుమంటాయి, వాన పడితే జారుతుంది. మందపాటి అట్ట ఉన్న బూట్లను ఇక్కడే కొని, నెలరోజులు తొడిగి, అలవాటు చేసుకుని వెళ్ళండి.

ప్రశ్న: ప్రాగ్‌లో మేము దిగబోయే ఇంటి చిరునామాలో వీధి పేరు పక్కన రెండు నంబర్లు, మధ్యలో గీత ఉన్నాయి. ఒకటి మూడంకెలది, ఇంకొకటి రెండంకెలది. ఇల్లు వెతకడానికి ఏది చూడాలి?
- పాఠకుడు, గవర్నరుపేట, విజయవాడ

జవాబు: నీలం రంగు పలక మీద ఉన్నదే చూడండి. చిరునామాలో గీత తర్వాత వచ్చే చిన్న నంబరు అదే. అది వీధి వరుసలో వచ్చే నంబరు, ఒక వైపు సరి సంఖ్యలు, రెండో వైపు బేసి సంఖ్యలు. ఎర్ర పలక మీద ఉన్న పెద్ద నంబరు ఇళ్ళను లెక్కలో నమోదు చేసిన వరుసను చెబుతుంది. పక్కపక్క ఇళ్ళకు కూడా అది పొంతన లేకుండా ఉండవచ్చు. విజయవాడ డోర్ నంబర్లలో వార్డు, బ్లాకు, ఇల్లు అని మూడు ముక్కలు చదవడం అలవాటైన మీకు ఇదేమంత కష్టం కాదు. బ్రాడీపేటలో ఎన్నో లైను, ఎన్నో అడ్డరోడ్డు అని రెండు అంకెలతో ఇల్లు పట్టుకునే గుంటూరువారికి అసలే కాదు.

ఎర్ర పలక నంబర్లు 1770లో వచ్చాయి. అంతకు ముందు ఇంటికి గుర్తు ఆ ఇంటి బొమ్మే. నెరుదోవా వీధి దిగేటప్పుడు గుమ్మాల పైన చూస్తూ నడిస్తే ఇవి ఇప్పటికీ కనిపిస్తాయి. 12వ నంబరు ఇంటి మీద మూడు ఫిడేళ్ళు ఉంటాయి. అక్కడ ఫిడేళ్ళు తయారుచేసే కుటుంబాలు ఉండేవి. 47వ నంబరు మీద రెండు సూర్యులు. చెక్ రచయిత యాన్ నెరుదా ఆ ఇంట్లో పెరిగాడు, వీధికి ఆయన పేరే పెట్టారు. చిలీ కవి పాబ్లో నెరూడా తన కలం పేరును ఈయన నుంచే తీసుకున్నాడని చెబుతారు. 'రావిచెట్టు ఎదురు ఇల్లు' అని ఆనవాలు చెప్పే మనవాళ్ళకు ఆ బొమ్మల పద్ధతిలో వింతేమీ కనిపించదు.

ప్రశ్న: రోజూ పంచాంగం చూసే అలవాటు ఉన్నవాణ్ణి. మా మనవరాలు కిందటి డిసెంబరు 25న ప్రాగ్ టౌన్‌హాలు గడియారం ముందు తీసిన వీడియో పంపింది. అందులో రాశిచక్రం ఉంది, సూర్యుడు మకరంలో ఉన్నాడు. ఆనాటికి మనకు ధనుర్మాసం నడుస్తున్నది, సంక్రాంతికి ఇంకా మూడు వారాలు ఉంది. గడియారం తప్పా, నా లెక్క తప్పా? పైగా బయటి చక్రంలో 24 అన్న అంకె పైనా కిందా కాకుండా పక్కకు ఉన్నది. అది ఎందుకు?
- పాఠకుడు, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: రెండూ ఒప్పేనండి. ఆ గడియారం ముందు గంటగంటకు గుమిగూడే వేలమందిలో మీరు అడిగిన ప్రశ్న అడిగేవారు పదిమంది కూడా ఉండరు. వారంతా పైన రెండు చిన్న కిటికీలు తెరుచుకుని పన్నెండుగురు అపొస్తలుల (యేసు శిష్యుల) బొమ్మలు తిరిగి వెళ్ళడం చూడటానికి వస్తారు. పక్కన అస్థిపంజరం గంట లాగుతుంది, చివర కోడిపుంజు కూస్తుంది. అంతా కలిసి నిమిషం కూడా పట్టదు. నేను మొదటిసారి అరగంట ఎదురుచూసి, 'ఇంతేనా' అనుకుని వెళ్ళిపోయాను. బొమ్మలు తర్వాతి కాలపు చేర్పులు. అసలు యంత్రం 1410 నాటిది, మికులాష్ అనే గడియారాల పనివాడు చేశాడు. దానిని పంచాంగం చదివినట్టు చదవాలి, అందుకు మీకంటే అర్హులు లేరు.

ముందు రాశి సంగతి. ఆ చక్రం చూపేది సాయన రాశులు. వసంత విషువత్తు, అంటే మార్చిలో పగలూ రాత్రీ సమానమైన నాడు సూర్యుడు ఉండే చోటు, ఎక్కడ ఉంటే అక్కడ మేషం మొదలు. మన పంచాంగం నిరయనం, నక్షత్రాలను బట్టి మేషం మొదలు. ఈ రెండింటి మధ్య తేడా, అంటే అయనాంశ, ఇప్పుడు సుమారు 24 డిగ్రీలు. సూర్యుడు రోజుకు ఇంచుమించు ఒక డిగ్రీ నడుస్తాడు కాబట్టి, ప్రాగ్ గడియారంలో డిసెంబరు 22 ప్రాంతంలో మకరంలో అడుగుపెట్టిన సూర్యుడు మన పంచాంగంలో జనవరి 14న అడుగుపెడతాడు. ఉత్తరాయణం ఆరంభం ఆ డిసెంబరు తేదీనే అని మన సిద్ధాంతులు కూడా ఒప్పుకుంటారు. పండుగను మాత్రం మకర రాశితో ముడిపెట్టుకున్నాము.

ఇక ఆ 24. గడియారం నడిమధ్య ఉన్న చిన్న నీలి వృత్తం భూమి. దాని చుట్టూ పైభాగంలో నీలం పగలు, అడుగున నలుపు రాత్రి, రెండింటి నడుమ నారింజ రంగు సంధ్యలు. బంగారు సూర్యుడు ఏ రంగు మీద ఉంటే ఆ వేళ అని పసిపిల్లలు కూడా చెప్పగలరు. రోమన్ అంకెల వరుస మనం చేతికి పెట్టుకునే గడియారం చూపే కాలమే, కాకపోతే పన్నెండు చొప్పున రెండుసార్లు, మధ్యాహ్నం పైన, అర్ధరాత్రి అడుగున. అన్నిటికంటే బయట ఉన్న చక్రంలోని 24 అంకెలు పాత చెక్ లెక్క. ఆ లెక్కలో రోజు సూర్యాస్తమయంతో ముగిసి, అప్పుడే కొత్త రోజు మొదలవుతుంది. మనం సూర్యోదయాదిగా ఘడియలు లెక్కపెట్టినట్టే వారు సూర్యాస్తమయాదిగా గంటలు లెక్కపెట్టారు. పొద్దుగుంకే వేళ రోజూ మారుతుంది కనుక ఆ చక్రం ఏడాది పొడవునా ముందుకూ వెనక్కూ జరుగుతూ ఉంటుంది. డిసెంబరులో అక్కడ సాయంత్రం నాలుగింటికే చీకటి పడుతుంది, అందుకే మీ వీడియోలో 24 కుడివైపు పైకి ఉంది. జూన్‌లో చూస్తే కుడివైపు కిందికి దిగి ఉంటుంది. బంగారు చెయ్యి ఆ చక్రంలో 22 మీద ఉంటే ఇంకా రెండు గంటల వెలుతురు ఉందని అర్థం. దీపాలు లేని కాలంలో పొలం నుంచో, పక్క ఊరి నుంచో ఇంటికి చేరవలసిన మనిషికి అంతకంటే పనికొచ్చే లెక్క ఏముంటుంది?

మీకు బాగా నచ్చేది మూడో లెక్క. నీలి భాగం మీద వంపులు తిరిగిన బంగారు గీతలు కొన్ని ఉంటాయి. అవి పగటిని, అది ఎంత పొడవైనా సరే, పన్నెండు సమభాగాలు చేస్తాయి. మన హోరలు వేసే తీరే ఇది. విజయవాడలో మిక్కిలి పొడవైన పగలు 13 గంటలు దాటి కాస్త, పొట్టి పగలు 11 గంటల పైన కాస్త. అందుకని మన హోర గంటకు నాలుగైదు నిమిషాలు అటూ ఇటూ ఉంటుంది, ఆ తేడాను ఎవరూ పట్టించుకోరు. ప్రాగ్ 50 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. అక్కడ పగలు జూన్‌లో 16 గంటలకు పైగా, డిసెంబరులో 8 గంటలు మాత్రమే. జూన్ హోర 80 నిమిషాలకు పైగా సాగి, డిసెంబరు హోర 40 నిమిషాలకు కుంచించుకుపోతుంది. పగటిలో ఎనిమిదో వంతైన రాహుకాలాన్ని మనం గంటన్నర అని కంఠస్థం చేసుకున్నాము. అక్కడ అది జూన్‌లో రెండు గంటలు, డిసెంబరులో ఒక్క గంట. మీ మనవరాలు ఆ ఊళ్ళో ఉంటున్నదంటే విజయవాడ రాహుకాలాన్ని ఫోనులో పంపకండి.

రెండో ముల్లు చివర సగం వెండి, సగం నలుపు వేసిన చిన్న గోళం ఉంటుంది. అది చంద్రుడు. తన ఇరుసు మీద తిరుగుతూ తిథిని బట్టి వెండి భాగాన్ని చూపుతుంది, పౌర్ణమినాడు నిండుగా, అమావాస్యనాడు నల్లగా. ఆ గడియారం చేసినవాడు మరొకటి చేయకుండా ఊరి పెద్దలు అతని కళ్ళు పొడిపించారనే కథ మీకు తప్పకుండా ఎవరో ఒకరు చెబుతారు. గొప్ప శిల్పాలున్న ప్రతి ఊళ్ళోనూ వినిపించే కథే అది, నమ్మనక్కరలేదు. గడియారానికి నిజమైన దెబ్బ 1945 మేలో తగిలింది. యుద్ధం ముగిసే రోజుల్లో టౌన్‌హాలు తగలబడినప్పుడు గడియారమూ కాలింది, మూడేళ్ళకు గానీ బాగుచేసి తిప్పలేకపోయారు.

ప్రశ్న: ప్రకాశం బ్యారేజీ మీద ఉదయపు నడక నాకు అలవాటు. చార్లెస్ వంతెన దానికంటే పొడవా? ఆ వంతెన సున్నంలో కోడిగుడ్లు కలిపారని విన్నాను, నిజమేనా?
- పాఠకుడు, సీతానగరం

జవాబు: పొడవులో మీ బ్యారేజీదే పైచేయి. బ్యారేజీ 1,223 మీటర్లు, చార్లెస్ వంతెన 516 మీటర్లు, అంటే సగం కూడా లేదు. దాని వెడల్పు 10 మీటర్లకు కాస్త తక్కువ, 16 కమానుల మీద నిలిచింది. వాహనాలు లేవు, నడిచేవారిదే రాజ్యం. వయసులో మాత్రం అది ముందుంది. చక్రవర్తి నాలుగో చార్లెస్ 1357లో పునాదిరాయి వేశాడు, మన బ్యారేజీ సరిగ్గా ఆరు వందల ఏళ్ళ తర్వాత 1957లో పూర్తయింది. ఇంకో పోలిక కూడా ఉంది. 1855లో పూర్తయిన కృష్ణ పాత ఆనకట్ట 1952లో తెగిన తర్వాతే కదా మనకు బ్యారేజీ వచ్చింది. వ్లతావా నది మీద కూడా యూదిత్ రాణి పేరుతో అంతకు ముందొక రాతి వంతెన ఉండేది. 1342 వరదలో అది కొట్టుకుపోయిన తర్వాతే ఈ వంతెన కట్టారు. ఇదీ వరదకు అతీతమేమీ కాదు, 1890 వరదలో దీని కమానులు కొన్ని కూలాయి.

పునాది ముహూర్తం గురించి ఒక మాట ప్రచారంలో ఉంది. 1357వ సంవత్సరం, 9వ తేదీ, 7వ నెల, ఉదయం 5 గంటల 31 నిమిషాలు. ఈ అంకెలను వరుసగా రాస్తే 135797531, ఎటు నుంచి చదివినా ఒకటే. రాజుగారి జ్యోతిష్కులు ఎంచి పెట్టిన ముహూర్తమని అంటారు. నిజమో, తర్వాత అల్లినదో గానీ, ముహూర్తం పెట్టనిదే గుమ్మం నిలపని మనకు నచ్చే మాట.

కోడిగుడ్ల సంగతి కూడా కథ కిందికే వస్తుంది. సున్నం గట్టిపడటానికి రాజ్యంలోని ఊళ్ళన్నీ గుడ్లు పంపాలని ఆజ్ఞ వేస్తే, వెల్వరీ అనే ఊరివారు దారిలో పగిలిపోతాయని ఉడకబెట్టి పంపారట. మన పాత మేడలకు, గుళ్ళకు గానుగ సున్నంలో బెల్లం, కరక్కాయ నీళ్ళు పోశారని పెద్దలు చెప్పగా విన్నవారికి గుడ్ల మాట అంత వింతగా తోచదు.

వంతెన మీద రెండు వైపులా కలిపి 30 విగ్రహాలు ఉన్నాయి. చాలావాటి అసలు విగ్రహాలను మ్యూజియంలోకి చేర్చి ఇక్కడ నకళ్ళు నిలిపారు. అన్నిటినీ చూడాలని ప్రయత్నిస్తే విసుగు వస్తుంది. ఒక్కదాని దగ్గర ఆగండి. కోట వైపు నుంచి వస్తుంటే దాదాపు సగం దూరంలో ఎడమ చేతి వైపు తల చుట్టూ అయిదు నక్షత్రాలతో కంచు విగ్రహం ఉంటుంది, 1683లో నిలిపినది. ఆయన నెపొముక్‌కు చెందిన యాన్ అనే మతాచార్యుడు. రాజుతో విరోధం వచ్చి 1393లో ఆయనను చంపి ఈ వంతెన మీది నుంచి నదిలో పడేశారు. పీఠం మీద ఆ ఘట్టాన్ని చిన్నగా పోత పోసిన కంచు పలక ఉంది. పలకంతా నల్లగా చిలుము పట్టి ఉన్నా, నీళ్ళలోకి తలకిందులుగా జారుతున్న ఆ చిన్న మనిషి మాత్రం బంగారంలా మెరుస్తూ ఉంటాడు. తాకితే మళ్ళీ ప్రాగ్ వస్తామని నమ్మే లక్షల వేళ్ళు తోమిన మెరుపు అది. నేను తాకాను, తర్వాత మరొకసారి వెళ్ళాను. రెండోసారి టికెట్టు మా అమ్మాయి కొన్నది కాబట్టి పుణ్యం ఎవరిదో తేల్చలేను.

ఉదయపు నడక అలవాటు ఉన్నదన్నారు కదా, సూర్యోదయానికి అక్కడ ఉండండి. పదింటి తర్వాత ఆ వంతెన మీద నడవడం అంటే పుష్కరాలలో ఘాటు మెట్లు దిగడమే. జేబులు జాగ్రత్త.

ప్రశ్న: మేము శాకాహారులము. ప్రాగ్‌లో తిండి దొరుకుతుందా? పచ్చళ్ళు, పొడులు వెంట తీసుకుపోవచ్చునా?
- గృహిణి, అరండల్‌పేట, గుంటూరు

జవాబు: పస్తులు ఉండనక్కరలేదు. బ్రంబొరాక్ అని బంగాళాదుంప తురుములో వెల్లుల్లి వేసి పెనం మీద కాల్చిన అట్టు ఉంటుంది, మన నోటికి దగ్గరగా ఉంటుంది. పిండిలో ముంచి వేయించిన జున్నుముక్క ఏ హోటల్లోనైనా దొరుకుతుంది. 'బెజ్ మసా' అంటే మాంసం లేకుండా అని అర్థం, కాకపోతే సూపులకు మాంసం ఉడికించిన నీళ్ళు వాడతారేమో అడిగి తీసుకోండి. వీధుల్లో కట్టెకు చుట్టి కాల్చే త్రెదెల్‌నీక్ అనే తీపి వంటకం 'పాత చెక్ సంప్రదాయం' అనే బోర్డుల కింద అమ్ముతుంటారు. అది టూరిస్టుల కోసం ఈమధ్య కాలంలో వచ్చిన సంప్రదాయం. కారప్పొడి, కందిపొడి, ఊరగాయ పెట్టుకోండి, గట్టిగా ప్యాక్ చేయండి. నెయ్యి సీసా, పాలకోవా మాత్రం వద్దు, బయటి దేశాల నుంచి పాల పదార్థాలను యూరోపియన్ యూనియన్‌లోకి తేనివ్వరు. కుళాయి నీళ్ళు తాగవచ్చు. డబ్బు యూరో కాదు, చెక్ కొరునా. మరుగుదొడ్లకు చిల్లర నాణాలు దగ్గర ఉంచుకోండి.

ప్రశ్న: మాకు మీరు చెప్పిన రోజుకు అదనంగా ఇంకో పూట దొరుకుతున్నది, అది శనివారం వచ్చేలా ఉంది. షాపింగుకు వెంసెస్లాస్ స్క్వేరుకు వెళ్ళమని కొందరు, యూదుల పేటకు వెళ్ళమని కొందరు అంటున్నారు. మీ సలహా?
- పాఠకురాలు, పటమట, విజయవాడ

జవాబు: వెంసెస్లాస్ స్క్వేరు పేరుకే స్క్వేరు, నిజానికి 750 మీటర్ల పొడవున సాగే వెడల్పాటి బజారు. 1989లో కమ్యూనిస్టు ప్రభుత్వాన్ని దింపిన జనం నిండిన చోటుగా దానికి గౌరవం ఉంది. అంగళ్ళు మాత్రం అన్ని నగరాలలో ఉండేవే. చీకటి పడ్డాక ఒక గంట చాలు.

పూట మొత్తం యోసెఫొవ్ అనే యూదుల పేటకు ఇవ్వండి, పాత పట్నం కూడలి నుంచి నడిచి పది నిమిషాలు కూడా పట్టదు. అక్కడి పాత శ్మశానం నేను చూసిన వాటిలో మరవలేనిది. 15వ శతాబ్దం నుంచి 1787 దాకా యూదులకు ఊళ్ళో పాతిపెట్టడానికి ఉన్నది ఆ కాస్త స్థలమే. సమాధులను కదిలించడం వారి ధర్మం ఒప్పదు కాబట్టి, నిండినప్పుడల్లా పైన మట్టి పోసి కొత్త సమాధులు కట్టారు. అలా కొన్ని చోట్ల పన్నెండు పొరలు అయ్యాయి. కిందివారి రాళ్ళను కూడా పైకి తెచ్చి నిలపడంతో, సుమారు 12,000 రాళ్ళు ఒకదాని మీద ఒకటి వాలి, ఇరుక్కుని, రద్దీ బస్సులో నిలబడ్డ మనుషుల్లా ఉంటాయి. పక్కనే పింకాస్ ప్రార్థనామందిరం గోడల మీద నాజీలు చంపిన బొహీమియా, మొరావియా అనే చెక్ ప్రాంతాల యూదుల పేర్లు ఉన్నాయి. మొత్తం 77 వేలకు పైగా పేర్లు, చేత్తో రాసినవి, ఇంటిపేర్లు ఎర్రగా, మిగిలినది నల్లగా. ఒక గోడ చదవడం మొదలుపెడితే గంట తెలియకుండా పోతుంది. వీధిలోకి వచ్చాక యూదుల టౌన్‌హాలు మీది కింది గడియారాన్ని చూడండి. హీబ్రూ కుడి నుంచి ఎడమకు చదివే భాష కాబట్టి, హీబ్రూ అక్షరాలతో ఉన్న ఆ గడియారం ముళ్ళు కూడా మన అలవాటుకు ఎదురు దిశలో తిరుగుతాయి.

మీ శనివారమే చిక్కు. అది యూదులకు విశ్రాంతి దినం, ఆ రోజు శ్మశానమూ, ప్రార్థనామందిరాలూ అన్నీ మూసి ఉంటాయి. మొదటి జవాబులో చెప్పిన కోట నడకను శనివారానికి జరుపుకుని, యూదుల పేటను శుక్రవారం ఉదయం పెట్టుకోండి.